డాల్ఫిన్‌ను పట్టుకోకుండానే దాని ఆరోగ్యం ఎలా తెలుస్తుంది? హైదరాబాదులో ఉండి ఈ పని చేయొచ్చా?

రాజేంద్రనగర్‌లో వెటర్నరీ మూడో సంవత్సరం చదువుతున్న మీరు అడిగింది ఇదీ: ఆవునైతే కట్టేసి పరీక్షిస్తాం, సముద్రంలో తిరిగే డాల్ఫిన్‌కు జబ్బు చేసిందని ఎలా తెలుస్తుంది? అసలు సముద్రమే లేని హైదరాబాదులో ఉండి ఈ రంగంలోకి రావడం కుదురుతుందా?

సూటిగా చెప్తాను. తెలుస్తుంది. ఊపిరి నుంచి, చర్మం నుంచి, ఒంటి ఆకారం నుంచి, అది చేసే చప్పుళ్ల నుంచి, చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరం నుంచి తెలుస్తుంది. కానీ వీటన్నిటికంటే ముందు కావలసింది ఆ డాల్ఫిన్ ఏదో తెలియడం. ఎవరిదో తెలియని రక్తం రిపోర్టు ఎంత ఉపయోగమో, ఏదో తెలియని డాల్ఫిన్ నమూనా కూడా అంతే ఉపయోగం. ఇక రెండో ప్రశ్నకు జవాబు, కుదురుతుంది. ఈ పనిలో పడవ మీద గడిచే సమయం తక్కువ. ఫొటోలు సరిపోల్చడం, నమూనాలు పరీక్షించడం, శబ్దాలు వినడం, లెక్కలు కట్టడం ఎక్కువ. అది ఎక్కడ ఉండైనా చేయొచ్చు, హైదరాబాదులో అందుకు వేరే ఊళ్లలో లేని సదుపాయాలు కూడా ఉన్నాయి.

నేనూ వెటర్నరీ చదివే వచ్చాను. ఈ ఊళ్లోనే వన్యప్రాణి నమూనాల ల్యాబు పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మా బల్ల మీదికి వచ్చేవాటిలో అడవి జంతువులవే ఎక్కువ, తీరం నుంచి వచ్చే డాల్ఫిన్ చర్మపు ముక్కలు తక్కువ. ఆ తక్కువ వాటి కోసమే అవకాశం దొరికినప్పుడల్లా కోస్తాకు వెళ్తుంటాను. కాబట్టి పుస్తకంలో ఉన్నదీ, చేతికి తగిలినదీ కలిపి చెప్తాను.

ముందు గుర్తింపు గురించి

ఏ పాడిరైతునైనా గమనించండి. గేదె ఇవాళ మేత సగంలో వదిలేసిందనీ, నిన్నటికంటే పాలు తగ్గాయనీ ఆయన చెప్పాకే మనం థర్మామీటరు తీస్తాం. చెప్పే ఆ మనిషి లేకపోతే మన పరీక్షలో సగం చీకట్లో చేసినట్టే. సముద్రంలో ఆ రైతు పని చేసేది ఫొటోల కేటలాగు.

డాల్ఫిన్ వీపురెక్క వెనక అంచు పల్చగా ఉంటుంది. ఒకదానితో ఒకటి కొట్లాడినప్పుడూ, వల కోసుకున్నప్పుడూ, పడవ తగిలినప్పుడూ అక్కడ చీలికలు, గంట్లు పడతాయి. అవి జీవితాంతం ఉండిపోతాయి. రెక్కను పక్క నుంచి, వెలుతురు సరిగ్గా ఉన్నప్పుడు ఫొటో తీస్తే ఏది ఏదో చెప్పొచ్చు. ఈ పద్ధతి ఎంత దూరం తీసుకెళ్తుందో చూడాలంటే ఫ్లోరిడాలోని సరసోటా అఖాతం వైపు చూడాలి. అక్కడ 1970లో మొదలైన పని ఇప్పటికీ నడుస్తోంది. అడవి డాల్ఫిన్ల సమూహం ఒకదాని మీద ప్రపంచంలో ఇంతకాలం సాగిన అధ్యయనం మరొకటి లేదు. మొదట్లో హైస్కూలు విద్యార్థిగా చేరిన రాండల్ వెల్స్ తర్వాత దాన్నే నడిపించారు. అఖాతంలో సుమారు 170 డాల్ఫిన్లు నివాసం ఉంటాయి. వాటిలో చాలావాటికి తల్లి ఎవరో, అమ్మమ్మ ఎవరో, ఎన్ని పిల్లల్ని ఈనిందో, ఎన్ని బతికాయో రాసి ఉంది. ఐదు తరాల చరిత్ర అది. నిక్లో అని పేరు పెట్టిన ఒక ఆడ డాల్ఫిన్ అరవై ఏళ్లు దాటి బతికిందని మనకు తెలిసింది ఆ రికార్డుల వల్లే.

ఈ చరిత్ర వైద్యానికి ఎందుకంటారా? పీసీబీ అనే పాత పారిశ్రామిక రసాయనాల సంగతి తీసుకోండి. ఇవి కొవ్వులో పేరుకుంటాయి. డాల్ఫిన్ పాలు కొవ్వుతో చిక్కగా ఉంటాయి కాబట్టి తల్లి ఒంట్లో ఏళ్లుగా పోగుపడ్డ విషంలో పెద్ద భాగం మొదటి పిల్లకు పాలతో వెళ్లిపోతుంది. ఆ తర్వాత తల్లి ఒంట్లో మోతాదు పడిపోతుంది. తర్వాతి పిల్లలకు అందేది తక్కువ. మగవాటికి వదిలించుకునే దారి లేదు, వయసుతోపాటు పెరుగుతూనే ఉంటుంది. ఇప్పుడు మీ చేతికి ఒక ఆడ డాల్ఫిన్ కొవ్వు నమూనా వచ్చింది, పీసీబీ తక్కువగా ఉంది అనుకోండి. ఆ నీళ్లు శుభ్రంగా ఉన్నాయని రాస్తారా? అది అప్పటికే ఈని, మొదటి పిల్లను పోగొట్టుకుని ఉండొచ్చు. అంకె ఒకటే, అర్థాలు రెండు. ఏది నిజమో చెప్పేది కేటలాగే.

పట్టుకోకుండా చేసే పరీక్షలు

ఒంటి ఆకారం చూడటం అన్నిటికంటే తేలిక. ఆరోగ్యంగా ఉన్న డాల్ఫిన్‌కు ఊపిరి రంధ్రం వెనక మెడ భాగం నిండుగా ఉంటుంది. చిక్కిపోతే అక్కడ పల్లం పడుతుంది, పక్కటెముకలు బయటపడతాయి. ఇప్పుడు డ్రోన్లు వచ్చాక పైనుంచి తీసిన ఫొటోలో పొడవు, వెడల్పు కొలుస్తున్నారు. స్కాట్లాండ్‌లోని మోరే ఫర్త్‌లో ఇలా కొలిచి ఏ ఆడవి చూడితో ఉన్నాయో చెప్పగలిగారు. ఇది చిన్న విషయం కాదు. అంతకుముందు పిల్ల కనిపిస్తేనే తల్లి ఈనిందని తెలిసేది. చూడి నిలవక పోయినవీ, పుట్టగానే చనిపోయినవీ లెక్కలోకి వచ్చేవే కావు. బాటిల్‌నోస్ డాల్ఫిన్ సుమారు ఏడాది మోస్తుంది, ఈనాక ఏళ్ల తరబడి పిల్లను వెంట తిప్పుకుంటుంది, ఒక కాన్పుకూ ఇంకో కాన్పుకూ మధ్య మూడు నుంచి ఆరేళ్లు పట్టొచ్చు. ఇంత నెమ్మదిగా పెరిగే జంతువులో ఒక్కొక్క చూడి పోవడం కూడా సమూహానికి దెబ్బే.

తర్వాత ఊపిరి. డాల్ఫిన్ నీటిపైకి వచ్చి ఒక్కసారిగా, బలంగా వదులుతుంది. ఆ తుంపరను పైన పట్టిన పళ్లెంలోకి సేకరిస్తే హార్మోన్లు, సూక్ష్మజీవులు, ఆ జంతువు డీఎన్ఏ కూడా దొరుకుతాయి. కానీ ఇందులో సముద్రపు నీళ్లు ఎంత కలిశాయో ప్రతిసారీ మారుతుంది కాబట్టి హార్మోను మోతాదును నేరుగా నమ్మకూడదు. ఈ చిక్కును పట్టించుకోకుండా రాసిన రిపోర్టులు నా దగ్గరికి వస్తుంటాయి, వాటిని వెనక్కి పంపుతాను.

మూడోది బయాప్సీ. చిన్న బాణంలాంటిదాన్ని వదిలితే గోరంత చర్మం, దాని కింద కాస్త కొవ్వు వస్తుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన నమూనా ఇదే, ఎందుకంటే ఇంత చిన్న ముక్క చెప్పేది చాలా ఎక్కువ. చర్మంలోని డీఎన్ఏతో ఆడా మగా, జాతి, బంధుత్వం తెలుస్తాయి. డీఎన్ఏ మీది రసాయన గుర్తులతో వయసు అంచనా కట్టే పద్ధతి కూడా ఇప్పుడు ఉంది. ఇదివరకు వయసు కావాలంటే పన్ను తీసి పొరలు లెక్కపెట్టాల్సిందే. నత్రజని, కార్బన్ ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) అది ఈమధ్య ఆహార గొలుసులో ఏ మెట్టు ఆహారం తింటోందో చెబుతాయి. కొవ్వులోని ప్రొజెస్టెరాన్ అనే హార్మోను చూడి కట్టిందో లేదో చెబుతుంది. గాయం కొన్ని వారాల్లో మానుతుంది. అయినా చంటిపిల్లల మీద వాడకూడదు, అవసరం లేనిదే అసలే వాడకూడదు.

ఇక నీటి కింద మైకు పెట్టి వినడం. డాల్ఫిన్ క్లిక్‌లు కొట్టి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని కింది దవడలోని కొవ్వు ద్వారా చెవికి చేర్చుకుని దారి, ఆహారం కనుక్కుంటుంది. క్లిక్‌ల మధ్య వ్యవధి చూసి అది వెతుకుతోందా, చేపను అందుకోబోతోందా అన్నది కూడా చెప్పొచ్చు. ఒకచోట నెలల తరబడి రికార్డరు వదిలేస్తే ఎప్పుడు వస్తున్నాయి, ఎప్పుడు తింటున్నాయి, పెద్ద పడవలు తిరిగినప్పుడు ఏమైపోతున్నాయి అన్నీ బయటపడతాయి.

పట్టుకుని చేసే పరీక్ష ఎప్పుడు తప్పదు?

ఊపిరితిత్తుల లోపల ఏముందో ఫొటో చెప్పదు. అందుకే సరసోటాలో లోతు తక్కువ నీళ్లలో వల చుట్టి, కొద్ది డాల్ఫిన్లను కాసేపు పట్టుకుని, తోక సిర నుంచి రక్తం తీసి, అల్ట్రాసౌండ్ చేసి, బరువు చూసి వదిలేస్తారు. అనుభవం ఉన్న పెద్ద బృందం, పశువైద్యులు, ప్రభుత్వ అనుమతి లేకుండా ఇది జరగదు.

ఆ కష్టానికి విలువ 2010లో మెక్సికో సింధుశాఖలో జరిగిన డీప్‌వాటర్ హొరైజన్ చమురు బావి ప్రమాదం తర్వాత తెలిసింది. చమురు బాగా చేరిన లూసియానాలోని బరటారియా అఖాతంలో 2011లో డాల్ఫిన్లను పరీక్షిస్తే, చమురు తగలని సరసోటా డాల్ఫిన్లతో పోల్చినప్పుడు మధ్యస్థం నుంచి తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు ఉండే అవకాశం ఐదు రెట్లు ఎక్కువగా తేలింది. ఒత్తిడిని తట్టుకోవడానికి కావలసిన అడ్రినల్ హార్మోన్లు ఉండాల్సినంత లేవు. చూడితో ఉన్నవాటిని తర్వాత ఏళ్లలో వెంబడిస్తే బతికే పిల్లను ఈనినవి 20 శాతమే. మామూలు సమూహంలో అది 83 శాతం. ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. సరసోటాలో ఏ విపత్తూ లేని రోజుల్లో నలభై ఏళ్లపాటు ఓపికగా రాసుకున్న మామూలు కొలతలు లేకపోతే, బరటారియా అంకెలను దేనితో పోల్చేవాళ్లు? చమురు కంపెనీ ముందు, కోర్టు ముందు ఏం చూపించేవాళ్లు? ఆరోగ్యంగా ఉన్నప్పుడు తీసుకున్న రికార్డే జబ్బు చేసినప్పుడు సాక్ష్యం. మన తీరంలో లేనిది సరిగ్గా అదే, నన్ను బాధపెట్టేదీ అదే.

ఇంకో మాట. అలా పట్టుకున్న సమయాల్లోనే వాటి తలకు మైకు అంటించి చప్పుళ్లు రికార్డు చేస్తూ వచ్చారు. ప్రతి డాల్ఫిన్‌కూ తనదైన ఒక ఈల ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడే దాన్ని తయారుచేసుకుంటుంది, తనను తాను చాటుకోవడానికి వాడుతుంది, వేరేవాళ్లు ఆ ఈలను వినిపిస్తే స్పందిస్తుంది. సరసోటాలో 19 తల్లుల ఈలలను, పిల్ల పక్కన ఉన్నప్పుడూ లేనప్పుడూ పోల్చి 2023లో ప్రచురించారు. పిల్ల ఉన్నప్పుడు తల్లి తన ఈల శ్రుతి పెంచుతోంది. మన తల్లులు చంటిబిడ్డతో మాట్లాడేటప్పుడు గొంతు మార్చినట్టే. రక్తపరీక్ష కోసం పట్టుకున్న రోజుల రికార్డుల్లోంచి, దశాబ్దాల తర్వాత, ఇంత అందమైన సంగతి బయటికొచ్చింది. నమూనా పారేయొద్దనీ, లేబులు సరిగ్గా రాయమనీ నేను ల్యాబులో విద్యార్థుల వెంటపడేది ఇందుకే.

ప్రవర్తన తెలియకపోతే ఆరోగ్యం తెలియదు

మీ సిలబస్‌లో ప్రవర్తనకు ఎక్కువ చోటు ఉండదు కాబట్టి దీన్ని కాస్త గట్టిగా చెప్తున్నాను. గుంపుకు దూరంగా, ఒంటరిగా, ఎక్కువసేపు మునిగి ఉండే డాల్ఫిన్ కనిపిస్తే వెటర్నరీ బుర్ర వెంటనే జబ్బు అంటుంది. ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో కొన్ని డాల్ఫిన్లు ముట్టెకు స్పాంజి తగిలించుకుని, గరుకుగా ఉండే సముద్రపు అడుగును తవ్వి చేపల్ని లేపుతాయి. తల్లి నుంచి పిల్లకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, వచ్చే విద్య అది. ఆ పని చేసేవి ఒంటరిగానే తిరుగుతాయి, ఎక్కువసేపు మునుగుతాయి, అయినా మిగతావాటిలాగే పిల్లల్ని కని పెంచుతాయి. అక్కడ ఒంటరితనం జబ్బు లక్షణం కాదు, వృత్తి.

అదే షార్క్ బేలో మంకీ మియా అనేచోట మనుషులు చేపలు తినిపించే అలవాటు ఉండేది. తినిపించుకున్న తల్లులు ఒడ్డు దగ్గరే తచ్చాడటంతో వాటి పిల్లల్లో చనిపోయేవి ఎక్కువయ్యాయి. తర్వాత ఆ తినిపించడాన్ని గట్టి నియమాల కిందికి తెచ్చారు. తిండి పెట్టడం ప్రేమ అనుకునే వాళ్లకు నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఇది.

గుంపు అలవాట్లే రోగవ్యాప్తికి దారి కూడా. మన మేకల్లో వచ్చే పీపీఆర్, కుక్కల్లో వచ్చే డిస్టెంపర్ మీరు చదివే ఉంటారు. వాటి కుటుంబానికే చెందిన మార్బిలి వైరస్ ఒకటి డాల్ఫిన్లలో ఉంది. అమెరికా తూర్పు తీరంలో 1987-88లో 740కి పైగా, మళ్లీ 2013-15లో 1,600కు పైగా బాటిల్‌నోస్ డాల్ఫిన్లు దీనివల్ల చచ్చి ఒడ్డుకు వచ్చాయి. మధ్యలో పాతికేళ్లు గడిచాయి. మొదటిసారి తట్టుకుని నిలిచినవి ముసలివై పోగా, వైరస్‌ను ఎన్నడూ చూడని కొత్త తరం వచ్చింది. డాల్ఫిన్లు ఒకదాని పక్కన ఒకటి తేలి ఒకేసారి ఊపిరి వదులుతాయి, ఆ తుంపరే చాలు.

ఫొటో చూసి రోగం చెప్పమనే వాళ్ల గురించి

ఒక డాల్ఫిన్ ఫొటో పంపి, ఒంటి నిండా చారలున్నాయి, ఇదేం చర్మరోగం అని అడుగుతుంటారు. అలాంటి ఒక కేసులో పంపినవాళ్లు ఫంగస్ అని ముందే నిర్ణయించేసుకున్నారు. అదే జంతువు పాత ఫొటోలు తెప్పించి చూశాం. చారలు సమాంతరంగా, ఒకే ఎడంతో ఉన్నాయి. పాతవి మాని, వేరే చోట కొత్తవి వచ్చాయి. మరో డాల్ఫిన్ పళ్ల గీతలవి. మగవాటిలో ఇవి మామూలే.

నిజమైన చర్మరోగం వేరేగా ఉంటుంది. భారీ వర్షాలు, తుపాన్ల తర్వాత ఉప్పునీటి మడుగుల్లోకి మంచినీళ్లు ఒక్కసారిగా చేరితే ఉప్పు పడిపోతుంది. తీరపు డాల్ఫిన్ అందులో వారాల తరబడి చిక్కుకుంటే చర్మం ఉబ్బి, పాచెస్‌గా పుండ్లు పడి, ఒంట్లో లవణాల తూకం చెడిపోతుంది. 2005లో కత్రినా తుపాను తర్వాత అమెరికాలోనూ, ఆస్ట్రేలియాలోని గిప్స్‌లాండ్ సరస్సుల్లోనూ చూసిన కేసులను కలిపి 2020లో దీన్ని ఒక ప్రత్యేక జబ్బుగా వివరించారు. తుపాన్లు మనకు కొత్తవా? గోదావరి, కృష్ణ ముఖద్వారాల దగ్గర ఈ కోణంలో చూడాల్సింది చాలా ఉంది. చూడాలంటే మళ్లీ మొదటి మాటే: వరదకు ముందు ఆ డాల్ఫిన్ చర్మం ఎలా ఉండేదో ఫొటో కావాలి.

మన దేశంలో పరిస్థితి

గంగా డాల్ఫిన్ 2009 నుంచి మన జాతీయ జలచరం. దాని కంటికి కటకం లేదు, ప్రతిధ్వనితోనే బతుకుతుంది. బురద నీళ్లలో క్షణకాలం తేలి మాయమవుతుంది, వీపురెక్క చిన్న గూనిలా ఉంటుంది. అందుకే నేను పైన చెప్పిన రెక్క ఫొటో పద్ధతి దానికి పెద్దగా పనికిరాదు. రెండు బృందాలు విడివిడిగా లెక్కపెట్టి సరిచూసుకోవడం, నీటి మైకులు పెట్టి క్లిక్‌లు వినడం చేస్తారు. ఎనిమిది రాష్ట్రాల్లో 28 నదులు తిరిగి, 2025 మార్చిలో ప్రకటించిన అంచనా ప్రకారం దేశంలో 6,327 నదీ డాల్ఫిన్లున్నాయి. అందులో మూడు మాత్రమే సింధు డాల్ఫిన్లు. 2024 డిసెంబరులో అస్సాంలో ఒక గంగా డాల్ఫిన్‌కు మొట్టమొదటిసారి శాటిలైట్ ట్యాగు పెట్టారు. చిలికాలోని ఇరావతి డాల్ఫిన్లు నూట యాభై చిల్లర. పరిశోధన ఆలస్యమైతే ఏమవుతుందో చైనా చూసింది. యాంగ్‌ట్సీ నదిని 2006లో వారాల తరబడి గాలించినా ఆ నదిలో మాత్రమే ఉండే బైజీ డాల్ఫిన్ ఒక్కటి కూడా కనిపించలేదు.

మన కోస్తాలో హంప్‌బ్యాక్, స్పిన్నర్, బాటిల్‌నోస్ డాల్ఫిన్లు కనిపిస్తాయి. వీటికి పెద్ద గండం వలలే. హిందూ మహాసముద్రంలో ట్యూనా చేపల కోసం నీళ్లలో గోడలా వేలాడదీసే గిల్‌నెట్ వలల్లో 1950 నుంచి 2018 వరకు సుమారు 41 లక్షల చిన్న డాల్ఫిన్, తిమింగిల జాతి జీవులు పడి చనిపోయాయని 2020లో ఒక పరిశోధన అంచనా కట్టింది.

కళేబరం దగ్గర మనం చేసే పని ఇక్కడే ముఖ్యం. ఉత్తరాంధ్రలో ఒక తీరానికి కొట్టుకొచ్చిన హంప్‌బ్యాక్ డాల్ఫిన్ దగ్గర నిలబడి ఉన్నాం. కాలుష్యం వల్లే చచ్చిపోయిందని చుట్టూ ఉన్నవాళ్లు అనేస్తున్నారు. తెరిచి చూస్తే కొవ్వు పొర మందంగా ఉంది, కడుపులో అరగని చేపలున్నాయి, శ్వాసనాళంలో నురుగుంది, ముట్టె చుట్టూ సన్నటి దారపు కోతలున్నాయి. అంటే చావుకు కాసేపటి ముందు వరకు బాగా తిన్న, బలంగా ఉన్న జంతువు అది. వలలో చిక్కి, పైకి రాలేక ఊపిరాడక పోయింది. జబ్బుతో చచ్చినదైతే చిక్కిపోయి, కడుపు ఖాళీగా, పురుగులతో ఉంటుంది. పక్కనే ఉన్న ఒక పెద్దాయన, "యేటకెల్లినప్పుడల్లా అగుపిత్తాది బాబూ ఇది, రెక్క కొస తెగిపోయినాది సూడండి" అన్నాడు. ఏళ్ల తరబడి ఆ ఒక్క డాల్ఫిన్‌ను గుర్తుపట్టిన మనిషి ఆ తీరంలో ఆయనే. ఆయన కళ్లల్లో ఉన్న కేటలాగు ఎక్కడా రాసి లేదు. మత్స్యకారులను దోషులుగా చూసే పరిశోధకుడు ఈ పనిలో ఎక్కువ దూరం పోలేడు. వల తెగితే నష్టం వాళ్లదే, సమాచారం ఉన్నదీ వాళ్ల దగ్గరే.

ల్యాబు మనిషిగా ఒక విన్నపం. డీఎన్ఏ కోసం తీసిన ముక్కను ఫార్మలిన్‌లో వేయకండి. కణజాల పరీక్షకు ఫార్మలిన్ సరే, డీఎన్ఏకు మాత్రం ఆల్కహాల్ సీసా వేరేగా ఉండాలి. ఒకే కళేబరం నుంచి రెండు సీసాలు, రెంటి మీదా పెన్సిల్‌తో తేదీ, చోటు, ఆడా మగా. మన ఎండకు ఒక్క పూటలో కళేబరం పాడైపోతుంది, రెండో అవకాశం రాదు. చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి. పశువుల నుంచి మనుషులకు సోకే బ్రుసెల్లా బాక్టీరియా డాల్ఫిన్లలోనూ ఉంటుంది.

బతికున్నది ఒడ్డెక్కితే జనం చేసే మొదటి పని తోక పట్టుకుని నీళ్లలోకి లాగడం. దయచేసి ఆపండి. తోక, రెక్కలు పట్టి లాగితే కీళ్లు తప్పుతాయి. జబ్బుతో వచ్చినదైతే మళ్లీ మునిగి చస్తుంది. బోర్లా నిలిపి ఉంచి, తడిగుడ్డ కప్పి, నెత్తి మీది ఊపిరి రంధ్రంలోకి నీళ్లూ ఇసుకా పోకుండా చూసి, నీడ పట్టి, గుంపును దూరం పెట్టి, ఫారెస్ట్ వాళ్లకు ఫోన్ చేయాలి.

ఇక హైదరాబాదు సంగతి

అత్తాపూర్‌లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) వాళ్ల లాకోన్స్ ల్యాబు ఉంది. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జంతువుల జన్యువులు, పునరుత్పత్తి మీద పనిచేసే ఇలాంటి చోటు దేశంలో అరుదు. ముక్క ఏ జంతువుదో డీఎన్ఏతో తేల్చే పద్ధతులు అక్కడ బాగా అభివృద్ధి చేశారు. డాల్ఫిన్ చర్మానికీ జింక మాంసానికీ ల్యాబులో మొదటి మెట్లు ఒకటే, నేర్చుకోవాల్సింది ఆ మెట్లే. మీ కాలేజీకి దగ్గరే. అత్తాపూర్‌లోనే జువలాజికల్ సర్వే వాళ్ల మంచినీటి జీవుల ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఉంది. చేపలు ఎక్కడ దొరుకుతాయో మత్స్యకారులకు రోజూ చెప్పేది వాళ్లే. సముద్రపు ఉష్ణోగ్రత, రంగు, అలల సమాచారం అంతా ఈ ఊరి నుంచే వెళ్తోంది. చేప ఎటు పోతే డాల్ఫిన్ అటు పోతుంది కాబట్టి ఆ సమాచారాన్ని చదవడం నేర్చుకోండి.

సాఫ్ట్‌వేర్ స్నేహితులు మీకు తప్పకుండా ఉంటారు. తిమింగిలాలు, డాల్ఫిన్లను ఫొటో చూసి గుర్తుపట్టే పోటీ 2022లో క్యాగిల్ అనే డేటా పోటీల వెబ్‌సైట్‌లో జరిగింది. 30 జాతులు, 15,000కు పైగా విడి విడి జంతువుల ఫొటోలు అందులో ఉన్నాయి. ఎవరైనా దించుకుని సాధన చేయొచ్చు. అవి ఎక్కువగా వేరే సముద్రాలవి కాబట్టి తయారైన మోడల్ మన హంప్‌బ్యాక్ రెక్కల మీద నేరుగా పనిచేస్తుందని అనుకోకండి. చేయి తిరగడానికి మాత్రం అంతకంటే మంచి సరుకు లేదు.

చదువు విషయానికొస్తే, ముందు బీవీఎస్సీ పూర్తి చేయండి. జంతుశాస్త్రం చదివినవాళ్లు ఈ రంగంలో చాలామంది ఉన్నారు, పోస్టుమార్టం చేయగల, రక్తం రిపోర్టు చదవగల వెటర్నరీ వాళ్లు మాత్రం తక్కువ. తర్వాత డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఒక దారి, వైజాగ్‌లో ప్రాంతీయ కేంద్రం ఉన్న సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) ఇంకో దారి. వలల్లో సముద్ర క్షీరదాలు పడకుండా చూసిన దేశాల చేపలే కొంటామని అమెరికా చట్టం అడుగుతుండటంతో మన దగ్గర కూడా సముద్ర క్షీరదాల లెక్కింపుకు ఇప్పుడు డబ్బు, ఉద్యోగాలు వస్తున్నాయి.

ఒక హెచ్చరిక. మన డాల్ఫిన్లు వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. చచ్చినదాని పన్ను జేబులో వేసుకున్నా నేరమే. నమూనా ముట్టాలంటే రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి, అది రావడానికి నెలలు పడుతుంది. పర్మిషన్ లేకుండా ఎవరైనా ముక్క తెచ్చిస్తే తీసుకోకండి, ఎంత విలువైనదైనా సరే. ఫొటోకు మాత్రం దూరం నుంచి తీస్తే చాలు.

సెలవుల్లో కోస్తాలో చుట్టాలింటికి వెళ్తే ఉదయం పూట పడవలు ఒడ్డుకు చేరే సమయానికి వెళ్లి నిలబడండి. ఏం చూశారు, ఎక్కడ, ఎన్ని, పిల్లలున్నాయా అని పెద్దవాళ్లను అడిగి రాసుకోండి. కనిపించినవాటిని మెరైన్ మామల్ రీసెర్చ్ అండ్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా వాళ్ల వెబ్‌సైట్‌లో నమోదు చేయండి. రెక్క ఫొటో దొరికితే మసగ్గా ఉన్నా సరే దాచండి, తేదీ రాయడం మరవకండి. మసక ఫొటోలను ఎలా గ్రేడు చేయాలో, ఏవి పక్కన పెట్టాలో అడిగితే విడిగా రాస్తాను, అదొక పెద్ద విషయం.